శిలాఫలకం లేని పని

పొద్దున అయిదున్నర. నయాపూల్ మీద బస్సు దిగారు. కండక్టరు "మదీనా, మదీనా" అని రెండుసార్లు అరిచి, దిగేది ముగ్గురే అని చూసి, రైట్ కొట్టేశాడు. బస్సు పొగ తేలిపోగానే మూసీ వాసన తగులుతుంది. రుమాలు కోసం జేబులో చెయ్యి పెడతారు. పిట్టగోడ మీద కూర్చుని పళ్లు తోముకుంటున్న హమాలీ మీ వైపే చూస్తున్నాడు. చెయ్యి మళ్లీ బయటికి తీసేస్తారు.

కుడివైపు, నది దక్షిణపు గట్టున హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తాయి. వెనక్కి తిరిగితే ఉత్తరపు గట్టున ఉస్మానియా ఆసుపత్రి. ఒకటి 1920లో తెరిచారు, ఇంకొకటి 1925లో పూర్తయింది. కోర్టులో ఇవాళ కూడా పదిన్నరకి నల్లకోట్లు హడావుడిగా నడుస్తాయి. ఆసుపత్రి పాత భవనంలో మాత్రం పావురాలే తిరుగుతాయి. 2020 జులైలో వాననీళ్లు వార్డుల్లోకి రావడంతో రోగులను పక్క భవనాల్లోకి తరలించి దాన్ని మూసేశారు. కూల్చాలా, బాగుచేయాలా అన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. చివరికి 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఒకే కాలంలో, ఒకే నది గట్ల మీద లేచిన రెండు కట్టడాలు. ఒకదాన్ని రోజూ వాడుతూ, చూసుకుంటూ వచ్చారు. రెండోదాన్ని వాడుకోవడమే తప్ప చూసుకున్నది తక్కువ. ఈ రోజంతా మీరు తిరగబోయే వీధులన్నిటికీ ఈ తేడాను గుర్తు పెట్టుకోండి.

ఈ గట్టు ఇలా మారడానికి కారణం ఒక వరద. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడి వేలమందిని మింగింది. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత ప్లేగు వచ్చింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టాడు. సర్కారు ఈ పాత ఊళ్లోకి కొలతల గొలుసు పట్టుకుని దిగింది అప్పుడే. ఇరుకు బస్తీలు తీసేసింది, రోడ్లు వేసింది, పేదలకు అద్దె ఇళ్లు కట్టింది. ఆ గొలుసు ఏ దారిన వెళ్లిందో ఇప్పుడు మీరూ ఆ దారినే నడుస్తారు.

మదీనా చౌరస్తా దాటగానే రోడ్డుకు రెండు పక్కలా రాతి కమాన్లు మొదలవుతాయి. పత్తర్‌గట్టి. కింద దుకాణాలు, పైన ఇళ్లు. బోర్డు కట్టించిన వీధి ఇది. షట్టర్లు ఇంకా దించే ఉన్నాయి కాబట్టి రాయి బాగా కనిపిస్తుంది. తొమ్మిది దాటితే ఫ్లెక్సీలు, వేలాడే షేర్వానీలు, బొమ్మలకు తొడిగిన లెహంగాలు కమాన్లను కప్పేస్తాయి. ఓ స్తంభానికి అరచెయ్యి ఆనించండి. రాత్రి చలి ఇంకా అందులోనే ఉంది. తల ఎత్తి చూస్తే కమాను అంచున రావి మొక్క, దాని వేళ్లు రాళ్ల సందులోకి దిగి ఉన్నాయి. ఆ పక్కనే కరెంటు తీగలు, కేబుల్ తీగలు, ఇంటర్నెట్ తీగలు చిక్కుపడ్డ ఊలు ఉండలా వేలాడుతున్నాయి. వాటిలో కరెంటు పారేవి ఎన్నో, ఎప్పుడో చచ్చిపోయినవి ఎన్నో లైన్‌మన్ కూడా చెప్పలేడు.

ఓ పెద్దాయన చీపురుతో తన దుకాణం ముందున్న మేర ఊడుస్తున్నాడు. మొక్క వైపు చూపించి అడుగుతారు.

"మూడేండ్ల సంది ఉంది సాబ్. నేను పీకితే కమాను ఊడొస్తదేమో అని భయం. వాళ్లను పీకమంటే ఎవల్ని అడగాల్నో తెల్వదు" అని, చీపురు గోడకు ఆనించి, "చాయ్ తాగుతరా?" అంటాడు.

రావి మొక్క చిన్నదే. కానీ అది పెరిగిన మూడేళ్లలో దాన్ని తీసే బాధ్యత ఎవరిదో తేలలేదు. పాతబస్తీలో సర్కారు కథ చాలావరకు ఆ మొక్క కథే.

బోర్డు కాలాన్ని మరీ బంగారు కాలంగా చూడనక్కర్లేదు. అది రాజుగారి హుకుం. ఎవరి గుడిసె పోయిందో, వాళ్లు ఒప్పుకున్నారో లేదో అడిగిన వాళ్లు లేరు. అయినా ఆ బోర్డు ఒక మంచి పని చేసింది. పడగొట్టిన చోట వర్తకుడు మళ్లీ కూర్చోవడానికి జాగా కట్టింది. ఎండా వానా తగలకుండా కొనేవాడు నడిచే వసారా ఇచ్చింది. వీధి వెడల్పయినా బజారు చెదరలేదు. వందేళ్ల తర్వాత పెద్దాయన చీపురు ఆడుతున్నది ఆ వసారాలోనే.

మచ్లీ కమాన్ కింద నుంచి లోపలికి వస్తారు. నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు, మధ్యలో గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్. చార్మినార్ కట్టిన మరుసటేడు, 1592 ప్రాంతంలో లేచిన కమాన్లివి. తూర్పున కాలీ కమాన్, పడమర సెహ్ర్-ఎ-బాతిల్ కమాన్, దక్షిణాన చార్మినార్ వైపు ఇంకొకటి. చుట్టూ ముత్యాల దుకాణాలు, బంగారం దుకాణాలు. ఈ వేళకి వాటి షట్టర్లకు మూడేసి తాళాలు వేలాడుతున్నాయి. నాలుగు వందల ఏళ్ల కమాను కింద నుంచి పాల ఆటో హారన్ కొట్టుకుంటూ దూరిపోయింది.

ఇక్కడ కాసేపు ఆగండి. 2025 మే 18, ఆదివారం, సరిగ్గా ఇలాంటి పొద్దుటి పూటే ఇక్కడి ఒక ఇంట్లో మంటలు లేచాయి. కింద దుకాణాలు, పైన కుటుంబం. షార్ట్ సర్క్యూట్ కారణమని అగ్నిమాపక అధికారులు ప్రాథమికంగా చెప్పారు. లోపలికీ బయటికీ ఉన్నది ఒకటే ఇరుకు దారి, ఆపైన ఒకటే ఇరుకు మెట్లు. పదిహేడు మంది చనిపోయారు. వాళ్లలో ఎనిమిది మంది పిల్లలు.

మీరు నిలబడ్డ చోటు నుంచి చార్మినార్ నిండుగా కనిపిస్తుంది. మధ్యలో దూరం పది నిమిషాల నడక కూడా ఉండదు. వారసత్వం పేరుతో ఈ కొద్దిపాటి జాగాలో పెట్టిన ఖర్చు, వేసిన పథకాలు, జరిగిన సభలు తక్కువేమీ కావు. ఆ ఇంటి పైఅంతస్తు మెట్ల దాకా మాత్రం ఏదీ చేరలేదు. ఇంటి లోపలి మెట్లు ఇంటివాళ్ల సొంతం కదా అనొచ్చు. నిజమే. అయితే వందేళ్ల ఇంట్లో ఏసీలు బిగించేటప్పుడు తీగల బరువు చూడడం, రెండో దారి తీయడానికి పక్కింటివాళ్లతో ఒప్పందం కుదర్చడం, ఇరుకు సందులో పట్టే చిన్న ఫైరింజను ఉంచడం ఒక్క కుటుంబం వల్ల అయ్యే పనులు కావు. ఎవరికి వారు చేయలేని పని కోసమే మనం పన్ను కట్టి ప్రభుత్వాన్ని పెట్టుకున్నాం.

ఏడున్నర. చార్మినార్ ముందు ఎండ పసుపు రంగులో పడుతోంది. కాళ్ల కింద గ్రానైటు రాళ్లు. ఒకప్పుడు ఇక్కడ నిలబడి తల ఎత్తి మినారు చూస్తే ఆటో వచ్చి గుద్దేది. బస్సులు, లారీలు, స్కూటర్లు కట్టడం చుట్టూ గిరగిరా తిరిగేవి. ఆ పొగా ఆ అదురూ సున్నపు గచ్చును తినేస్తున్నాయని నిపుణులు మొత్తుకోగా మొత్తుకోగా, వాహనాలను బయటికి మళ్లించి దీన్ని నడక జాగా చేయాలని చార్మినార్ పాదచారుల పథకం పుట్టింది. ఆలోచన నుంచి రాళ్లు పరిచేదాకా పదిహేనేళ్లకు పైనే పట్టింది. చుట్టూ తిరిగే రోడ్ల కోసం ఇళ్లు పోయినవాళ్లు కోర్టులకు ఎక్కారు. ప్రభుత్వాలు మారాయి, నిధుల పేర్లు మారాయి. ఆలస్యమైనా మంచిపనే. ఇదిగో, మీ ముందు ఒక తాతయ్య మనవడి చెయ్యి వదిలేశాడు. వాడు పావురాల వెంట పరిగెడుతున్నాడు. ఆ చెయ్యి వదిలేయగలగడమే ఈ రాళ్ల వల్ల వచ్చిన లాభం.

ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకుని మెట్టు మీద కూర్చోండి. కూర్చున్న చోటు నుంచే లెక్కపెట్టండి. ఎదురుగా ఉన్న చార్మినార్ కేంద్రానిది, భారత పురావస్తు శాఖ చేతిలో ఉంది. ఉత్తరాన ఉన్న కమాన్లు రాష్ట్ర వారసత్వ శాఖ కింద. కాళ్ల కింద రాళ్లు జీహెచ్‌ఎంసీ పరిచినవి. రాళ్ల కింద పారే మురుగు జలమండలిది. నెత్తిమీద తీగలు డిస్కంవి. బారికేడ్ ట్రాఫిక్ పోలీసులది. చుట్టుపక్కల అభివృద్ధి పనులకని కులీ కుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థ ఒకటి వేరే ఉంది. వక్ఫ్ ఆస్తులైతే వక్ఫ్ బోర్డు. ఒక చాయ్ తాగేలోపు ఎనిమిది ఆఫీసులు కనిపించాయి. మ్యాన్‌హోల్ పొంగితే ఒకరు రాయి పీకుతారు, ఇంకొకరు గొట్టం మారుస్తారు, రాయి మళ్లీ పెట్టాల్సింది మూడోవాళ్లు. రాళ్ల మధ్య ఆ సిమెంటు అతుకు చూశారా? మూడోవాళ్లు ఇంకా రాలేదని అర్థం.

2019 మే 1 రాత్రి ఒక మినారు నుంచి గచ్చు పెళ్లలు ఊడిపడ్డాయి. తర్వాత సున్నంతో అతికి బాగుచేశారు. ఎక్కడ అతికారో ఇప్పుడు మీరు చూపించలేరు. బాగు చేస్తే అలా చేయాలి. ఈ కట్టడానికి అంత ఓపికగా చేయగలిగినవాళ్లు పక్కవీధికి ఎందుకు చేయలేరన్నదే నా అనుమానం.

ఎనిమిదింటికి తోపుడుబండ్లు వస్తాయి. ఖర్జూరాలు, అత్తరు సీసాలు, చిన్నపిల్లల కళ్లద్దాలు, ప్లాస్టిక్ పూలు, దువ్వెనలు. రాళ్లు పరిచింది నడిచేవాళ్ల కోసమైతే, నడిచేవాళ్లు ఉన్నచోటికే బండివాళ్లు వస్తారు. మంత్రిగారో విదేశీ అతిథో వచ్చే రోజు వాళ్లు సందుల్లోకి మాయమవుతారు, మర్నాడు మళ్లీ వస్తారు. వీధి వ్యాపారులను లెక్కించి, గుర్తింపు ఇచ్చి, జాగా చూపించాకే తరలించాలని 2014 చట్టం చెబుతోంది. ఖర్జూరాల బండి అతన్ని దాని గురించి అడగండి.

"కార్డు ఉంది అన్నా" అని షర్టు జేబులోంచి లామినేషన్ చేసిన కార్డు తీస్తాడు. "గీత లేదు."

గీత అంటే బండి ఎక్కడ నిలపాలో నేల మీద గీసే గీత. తెల్లరంగు డబ్బా ఒకటి తెచ్చి ఒక పూటలో తేల్చే పని అది. గీత లేనంతకాలం అతను రోజూ నేరస్తుడిలాగే నిలబడాలి.

పదకొండు గంటలు. పడమటి సందులోకి తిరగ్గానే కళ్లు చెదురుతాయి. లాడ్ బజార్. రెండువైపులా గాజుల గోడలు. మెరుపు అద్దాలు, రాళ్లు, పూసలు, ప్రతి దుకాణంలో వంద బల్బులు. కరీంనగర్ నుంచి వచ్చిన పెళ్లివారు ఒక దుకాణం మెట్లన్నీ ఆక్రమించారు. పెళ్లికూతురు చెయ్యి చాపితే దుకాణం కుర్రాడు సబ్బునీళ్లు కూడా లేకుండా గాజు తొడిగేస్తున్నాడు.

"ఎంత బాబూ?"

"అమ్మా, మీరు పైసల్ చూడకుండ్రి, బిడ్డ చెయ్యి చూడుండ్రి."

"చెయ్యి మాదే, పైసలూ మావే. సగానికి ఇయ్యి."

దుకాణం వెనక ఓ బొగ్గుల కుంపటి ముందు ఒకాయన కూర్చుని ఉన్నాడు. కర్ర చివర లక్క ముద్ద వెచ్చబడి మెత్తబడుతోంది. దాన్ని పలక మీద దొర్లించి పొడవాటి కడ్డీ చేస్తాడు, వంచి చుడతాడు, అతుకు వేస్తాడు. లక్క వేడిగా ఉండగానే రాళ్లు ఒక్కొక్కటి గుచ్చాలి. చల్లారిందంటే రాయి పట్టదు. అందుకే అతను మీతో మాట్లాడుతూ కూడా చేతి వైపే చూస్తాడు. వేళ్ల చివర్లు కాలి కాలి గీతలు పోయాయి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సంగతి చెబితే తల ఊపుతాడు. తెలుసట. అయితే ఆ గుర్తింపుతో రోజు కూలీ ఏమైనా పెరిగిందా అంటే నవ్వి మళ్లీ కుంపటి ఊదుకుంటాడు.

2025 మేలో ప్రపంచ సుందరి పోటీకి వచ్చిన అమ్మాయిలు ఈ బజారులో నడిచారు. గాజులు తొడుక్కున్నారు, ఫొటోలు దిగారు. కుర్రాడు ఫోన్ తీసి మీకూ చూపిస్తాడు. ఆ రోజు తీగలు సర్దారు, రోడ్డు కడిగారు, బండ్లు తీశారు. చేయాలనుకుంటే ఎంత త్వరగా అవుతుందో వీధివీధంతా చూసింది. అది మే 13. గుల్జార్ హౌజ్ మంటలు మే 18.

బజారు చివర మహబూబ్ చౌక్ గడియార స్తంభం. 1892లో ప్రధానమంత్రి ఆస్మాన్ జా కట్టించినది. జనం నోట ఇది ముర్గీ చౌక్. ఇక్కడి మార్కెట్టు పునర్నిర్మాణానికీ, మీర్ ఆలం మండీ బాగుకీ, సర్దార్ మహల్‌ను సాంస్కృతిక కేంద్రం చేయడానికీ 2022లో శంకుస్థాపనలు జరిగాయి. కాస్త దూరంలోని చౌమహల్లా ప్యాలెస్‌ది ఇంకో కథ. దాన్ని బాగుచేయించింది సర్కారు కాదు, నిజాం కుటుంబం. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. ఒకే యజమాని, చేతిలో డబ్బు, మంచి వాస్తుశిల్పి, అన్నిటికీ మించి ఓపిక ఉంటే పాత గచ్చు మళ్లీ మెరుస్తుందని అక్కడ చూడొచ్చు. మరి యజమానులు తొమ్మిది మంది అయి, డబ్బు లేని చోట?

చౌక్ వెనక సందులోకి రండి. ఇక్కడ గోడలు మీ రెండు భుజాలకూ తగిలేటంత దగ్గర. పాత దేవిడీ ఒకటి. పెద్ద తలుపు, తలుపులో చిన్న తలుపు, లోపల ఎండ పడే వాకిలి, మధ్యలో ఎండిన బావి. గోడకు ఒక మేస్త్రీ సిమెంటు పూస్తున్నాడు. పక్కన నిలబడ్డ ఇంటాయన మిమ్మల్ని ఆఫీసరు అనుకుని మొదట బెదిరి, కాదని తెలిశాక కుర్చీ వేస్తాడు.

సున్నపు గోడకు సిమెంటేమిటి అని మేస్త్రీని అడగండి. అతనికి తెలియక కాదు.

"సున్నం అయితే నాన్నకు తెల్సు సార్. కరక్కాయ నీళ్లు, బెల్లం, గానుగల తిప్పుడు, పదిహేను రోజులు ముగ్గబెట్టుడు. గిప్పుడు గానుగేది? సిమెంటైతే రేపటికి ఆరుతది."

ఆరుతుంది. కానీ సున్నపు గోడ ఊపిరి పీల్చినట్టు తేమ పీల్చి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే లోపలి తేమకు దారి మూసుకుపోతుంది. నాలుగు వానాకాలాలకు సిమెంటు పెచ్చు తనతోపాటు లోపలి సున్నాన్నీ ఊడదీసుకుని పడుతుంది. అప్పుడు ఇంటాయనకు నోటీసు వస్తుంది. ఏటా వానలకు ముందు మునిసిపాలిటీ వాళ్లు శిథిల ఇళ్లకు అంటించే నోటీసు.

"కూలేటట్టుందని రాయనీకి వస్తరు. కూలకుండ నిలబెడ్తా, పైసలియ్యుండ్రి అంటే ఎవలూ రారు" అంటాడు ఇంటాయన. బ్యాంకుకు పోతే కాగితాలు అడుగుతారు. తాత పేరు మీదున్న ఇల్లు, వారసులు తొమ్మిది మంది, ఇద్దరు జెద్దాలో, ఒకరు షికాగోలో. కింద దుకాణం కిరాయి పాత కిరాయి చట్టం నాటి ఒప్పందం, నెలకు వచ్చేది రెండు పూటల ఇంటి చాయ్ పొడికి సరిపోదు. కిరాయిదారు బాగు చేయించడు, ఇల్లు తనది కాదు గనక. యజమాని బాగు చేయించడు, డబ్బు రాదు గనక. చార్మినార్‌కు వంద మీటర్ల లోపల ఉన్న ఇళ్లకైతే ఇంకో చిక్కు. కేంద్ర చట్టం ప్రకారం అక్కడ కొత్త నిర్మాణం కూడదు, ఆపై రెండు వందల మీటర్లు అనుమతితోనే. మరమ్మతుకు కూడా అనుమతి కావాలి. కట్టడాన్ని కాపాడాలంటే ఆ నియమం ఉండాల్సిందే. కానీ కట్టవద్దు అని చెప్పిన చెయ్యి, నిలబెట్టుకోవడానికి ఆసరా కూడా ఇవ్వాలి కదా.

దారి లేక కాదు. వారసత్వ ఇంటిని కాపాడుకునే యజమాని తాను కట్టకుండా వదులుకున్న అంతస్తులను టీడీఆర్ (బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కు) కాగితంగా తీసుకోవచ్చని 2012 భవన నియమాల్లోనే ఉంది. ఆ కాగితాన్ని గచ్చిబౌలిలో టవర్ కట్టే బిల్డరుకు అమ్ముకుని, ఆ డబ్బుతో గోడకు సున్నం పూయించుకోవచ్చు. అహ్మదాబాద్‌లో పోళ్లు అనే పాత వాడల్లోని చెక్క ఇళ్లకు అక్కడి కార్పొరేషన్ ఇలాంటి కాగితాలే ఇచ్చింది. ఆ నగరం 2017లో మన దేశపు తొలి ప్రపంచ వారసత్వ నగరమైంది. ఇక్కడ ఇంటాయనకు టీడీఆర్ అన్న మాట చెబితే, "గది మీటరా?" అని అడుగుతాడు. ఆఫీసు నుంచి ఒక మనిషి ఈ సందులోకి వచ్చి, వాకిట్లో కూర్చుని, తొమ్మిది మంది వారసుల సంతకాలు ఎలా తెచ్చుకోవాలో వివరిస్తే తప్ప ఆ నియమం గెజెట్టు దాటి బయటికి రాదు.

చట్టాల సంగతీ కాస్త చెప్పుకోవాలి. 1995లో ఈ నగరపు వారసత్వ కట్టడాలకు జాబితా, రక్షణ నియమాలు వచ్చాయి. 2015లో ఆ నియమాలను తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం తెచ్చారు. మధ్యలో ఏది రక్షణలో ఉందో, ఏది లేదో తేలక కట్టడాలు గాలిలో వేలాడాయి. ఇర్రమ్ మంజిల్ ప్యాలెస్‌ను కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. పొద్దున మీరు చూసిన ఆ గుమ్మటాల కిందే.

మధ్యాహ్నం మూడు. చార్మినార్‌కు తూర్పున సర్దార్ మహల్. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా 1900లో కట్టించినది. ఆస్తిపన్ను బకాయి కింద 1965లో మునిసిపాలిటీ స్వాధీనం చేసుకుంది. ఏళ్ల తరబడి మునిసిపల్ ఆఫీసే అందులో నడిచింది. పన్ను కట్టలేదని ఇల్లు తీసుకున్న సర్కారు తానే యజమాని అయ్యాక పైకప్పు కారకుండా చూసుకోలేకపోయింది. సొంత ఇంట్లోనే చేతకాని మరమ్మతు సందులోని ఇంటాయన ఎందుకు చేయలేదని నోటీసు ఇస్తుంది.

అక్కడి నుంచి కోట్లా అలీజా మీదుగా ఎతెబార్ చౌక్ వైపు నడిస్తే, వీధి ఒక్కసారిగా కోసిన పుచ్చకాయలా కనిపిస్తుంది. ఇళ్ల ముందు భాగాలు లేవు. లోపలి గదులు వీధిలోకి తెరుచుకున్నాయి. నీలంరంగు గోడ, గోడలో గూడు, గూట్లో దీపం మసి, క్యాలెండర్ తగిలించిన మేకు. ఒక ఇంట్లో సగం మెట్లు మిగిలి గాలిలోకి పోతున్నాయి. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో దారి ఇది. దాదాపు పదకొండు వందల ఆస్తులు ప్రభావితమవుతాయని అంచనా. గజానికి 81,000 రూపాయల లెక్కన 2025 జనవరి నుంచి చెక్కులు ఇవ్వడం, కూల్చడం మొదలైంది.

ఇదంతా అన్యాయమని తేల్చేసే ముందు మిగిలిన సగం ఇంట్లో కూర్చుని మిషను కుడుతున్న దర్జీని అడగండి. మెట్రో తొలి దశలో 72 కిలోమీటర్లు అనుకుంటే 69 పూర్తయ్యాయి. ఆగిపోయిన ముక్క పాతబస్తీదే. హైటెక్ సిటీకి రైలు వచ్చింది, మాకు రాలేదన్న బాధ ఇక్కడ ఏళ్లుగా ఉంది.

"రావాలె సార్, మా బిడ్డ కాలేజీకి పోతది. దుకాణం సగమైంది, పర్వాలేదు. గిరాకీ సగం కాకపోతే సాలు."

జాగాకు గజం లెక్క కట్టారు. ముప్పై ఏళ్లుగా ఇదే మెట్టు ఎక్కి కొలతలు ఇచ్చిన గిరాకీకి గజం కొలత లేదు. పత్తర్‌గట్టిలో బోర్డు చేసిన పని ఇక్కడ మళ్లీ చేయొచ్చు. కోసిన ముఖాల స్థానంలో ఒకే ఎత్తున, ఒకే వసారాతో ముందు భాగాలు కట్టుకునేందుకు నమూనాలు, సాయం ఇవ్వొచ్చు. మీ కళ్ల ముందు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు రోలింగ్ షట్టరు, గ్లాసు, టైల్సు అతికించుకుంటున్నారు. ఇంకో పదేళ్లకు రైల్లోంచి చూసేవాళ్లకు కనిపించే పాతబస్తీ ముఖం ఇదే అవుతుంది.

రాత్రి ఎనిమిదింటికి నయాపూల్ దాటి వెనక్కి, మొజంజాహీ మార్కెట్టుకు చేరతారు. 1935 నాటి రాతి మార్కెట్టు. తర్వాతి కాలంలో అతుక్కున్న రేకులు, అడ్డాలు తీసేసి, రాయి కడిగి, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. గడియారం కింద కుర్చీలు, చుట్టూ ఐస్‌క్రీమ్ దుకాణాలు. దుకాణాలు పాతవే, మనుషులూ వాళ్లే. చేతితో తిప్పిన సీతాఫలం ఐస్‌క్రీమ్ గ్లాసులో వస్తుంది. పొద్దున్నుంచి తిరిగిన కాళ్లు చాపుకుని తినండి. సర్కారుకు చేతకాదని ఎవరైనా అంటే ఈ రాళ్లు చూపించొచ్చు. బజారును లేపేయకుండా బజారును బాగుచేయడం వచ్చునని ఇక్కడ చూపించింది.

అయితే పొద్దున్నుంచి మీరు చూసిన వాటిలో ఎక్కువ పనులకు కావలసింది ఇంత పెద్ద కట్టడం పని కాదు. రావి మొక్క పీకే మనిషి, చచ్చిన తీగలు తీసే లైన్‌మన్, బండికి ఒక గీత, మేస్త్రీకి ఒక సున్నపు గానుగ, ఇంటాయనకు సులువు వడ్డీ అప్పు, ఎనిమిది ఆఫీసుల బదులు ఒక్క కిటికీ. వీటిలో దేనికీ రిబ్బను కత్తిరించలేం, దేనికీ శిలాఫలకం వేయలేం. కూల్చడానికి పద్దు ఉంది, కొత్తగా కట్టడానికి పద్దు ఉంది, లైట్లు పెట్టడానికీ ఉంది. ఉన్నదాన్ని ఏటేటా నిలబెట్టే మరమ్మతు పద్దు చిక్కిపోయిన చోట పాత ఊరు మిగలదు. పోస్టుకార్డు మీది చార్మినార్ ఒక్కటే మిగులుతుంది.

మీ వార్డులో వందేళ్లు దాటిన ఇళ్ల మరమ్మతుకు ఈ ఏడాది ఎంత పద్దు రాశారో, అందులో ఎంత ఖర్చు పెట్టారో అడగండి. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. మీ చేతిలో కరిగిపోతున్న ఐస్‌క్రీమ్ కంటే తక్కువే.